సిద్ధాంతవ్యాసములందు ఆధారనిర్దేశము

పరీక్షార్థము వచ్చిన సిద్ధాంతవ్యాసమును చేతికి తీసికొన్నప్పుడు నేను మొదట తెఱచునవి కడపటి పుటలు. ఉపోద్ఘాతమును, విషయవిభాగమును పిదప చూడవచ్చును. ఉపయుక్తగ్రంథసూచి పరిశోధకుడు నడచిన త్రోవను తెలుపును. ఒక్కొక్కప్పుడు నడవని త్రోవను గూడ తెలుపును. ఇటీవల నా బల్లపైకి వచ్చిన యొక వ్యాసమున మున్నూటికి పైగా గ్రంథములు చూపబడినవి. అకారాదిక్రమము, కామాలు, వాలు టైపు అన్నియు తీర్చి దిద్దినట్లున్నవి. పాదసూచికలు ఆఱువందలకు పైబడినవి. వానిలో పదింటిని ఏఱుకొని మా గ్రంథాలయమునకు పోయితిని. నాలుగు సరిపోయినవి. రెండింట పుటసంఖ్య కుదురలేదు. మఱి రెండింట పుట కుదిరినను అందున్న వాక్యము వేఱు. తక్కిన రెండును ఒక సాహిత్యచరిత్రనుండి దింపుకొన్నవి; ఆ చరిత్రలోని అచ్చుతప్పుతో సహా దింపుకొన్నవి గనుక పట్టుట కష్టము కాలేదు.

ఇది రూపమునకు సంబంధించిన చిన్నలోపమని తేలికగా తీసికొను అధ్యాపకులు కలరు. "విషయము బాగున్నది గదా, పాదసూచికలదేమున్నది" అని నాతో అన్న మిత్రులును కలరు. నాకట్లు తోచదు. అంచుల కొలత, అక్షరముల పరిమాణము, పంక్తుల నడుమ ఎడము – ఇవి రూపమునకు చెందినవి. విశ్వవిద్యాలయము ఎట్లు చెప్పిన అట్లు చేయవచ్చును. చేయకున్న మరల టైపు చేయించుకొనవచ్చును. ఆధారనిర్దేశము అట్టిది కాదు. "ఈ గ్రంథమును, ఈ కూర్పును, ఈ పుటను నేను స్వయముగా చూచితిని" అని పరిశోధకుడు చెప్పు సాక్ష్యమది. కామా తప్పిన సాక్ష్యము చెడదు. చూడనిదానిని చూచితినన్నచో కామాలన్నియు సరిగా నున్నను చెడును. మన శాఖలలో నేడు మొదటిదానిని దిద్దుటకు పడుచున్న శ్రమలో నాలుగవ వంతైనను రెండవదానిని పట్టుటకు పడుటలేదన్నదే ఈ వ్యాసమున నా ఫిర్యాదు.

పాదసూచిక పాశ్చాత్యుల సొత్తనియు, మన పెద్దలకు దానితో పని లేకుండెననియు ఒక మాట వాడుకలో నున్నది. పుట అడుగున గీత గీచి అంకె వేయుట పాశ్చాత్యులదే. కాని ఆకరమును పేర్కొనుట మనకు క్రొత్త గాదు. పదునైదవ శతాబ్దమున మడికి సింగన సకలనీతిసమ్మతమును కూర్చినప్పుడు తాను గ్రహించిన పద్యములు ఏయే నీతిగ్రంథములలోనివో పేర్కొన్నాడు. ఆ గ్రంథములలో పెక్కు నేడు లేవు. పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరమున పద్యము ప్రక్కన కావ్యము పేరును, కవి పేరును ఉంచినాడు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అట్టి సంకలనముల సాయముననే ప్రబంధరత్నావళిని కూర్చి, పేరైనను మిగులవలసిన అవకాశము లేని కావ్యములను మన యెఱుకకు తెచ్చినారు. ఆ సంధాతలు బద్ధకించి పద్యములను మాత్రము వ్రాసి యూరకున్నచో, అవి నేడు కర్తలేని చాటువులై తిరుగుచుండెడివి. తెలుగు సాహిత్యచరిత్రలో కొన్ని పుటలు కేవలము ఆధారనిర్దేశము పుణ్యమున నిలిచినవి. ఈ మాట విద్యార్థులకు చెప్పినచో, తాము చేయుచున్నది గుమాస్తాపని కాదని వారికే తెలియును.

ఇతరుల తప్పు చెప్పుటకు ముందు నా తప్పును చెప్పుకొనుట న్యాయము. నా సిద్ధాంతవ్యాసమున ఒక ప్రకరణము కన్యాశుల్కమును గూర్చినది. గురజాడ అప్పారావుగారి సంస్కరణదృష్టి 1897 నాటికే సంపూర్ణముగా పరిపక్వమైనదని అందు వాదించితిని. మధురవాణి సంభాషణములను ఆధారముగా చూపితిని. గ్రంథసూచిలో ‘కన్యాశుల్కము, 1897’ అని వ్రాసితిని. ఆ సంవత్సరమును ఒక సాహిత్యచరిత్రనుండి గ్రహించితిని. సంభాషణములను నా గదిలో నున్న చౌక ముద్రణమునుండి గ్రహించితిని. ఈ రెంటికిని పొత్తు కుదురునా యన్న శంకయే నాకు కలుగలేదు. మౌఖికపరీక్షకు వచ్చిన పెద్దలు ఒక్క పరుషవాక్యమును పలుకలేదు. "నాయనా, నీవు ఎత్తి చూపిన సంభాషణ ఏ కూర్పులోనిది?" అని మాత్రము అడిగినారు. నా కడ సమాధానము లేదు. నా వెనుక కూర్చున్న గురువుగారు తల వంచుకొన్నారు. ఆ దృశ్యము నాకిప్పటికిని మఱపురాదు.

చదువరులెల్లరు ఎఱిగిన విషయమే ఇది. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చైన కన్యాశుల్కము వేఱు. 1909లో గురజాడవారు మిక్కిలి పెంచి, మార్చి, ఏడంకములుగా ప్రకటించిన కన్యాశుల్కము వేఱు. మనము చదువునది, ఆడునది, పాఠముగా చెప్పునది రెండవది. మొదటి కూర్పున మధురవాణి పాత్ర చిన్నది. అది నాటకమునకే ఆయువుపట్టుగా ఎదిగినది రెండవ కూర్పునందు. 1909 నాటి వాక్యములను 1897 నాటివిగా చూపి, వానినిబట్టి రచయిత మనోవికాసమునకు కాలనిర్ణయము చేసితిని. మొదటి కూర్పు దొఱకదనుటకును వీలు లేదు. బంగోరెగా ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు 1969లోనే దానిని మరల అచ్చొత్తించినారు. నేను వెదకలేదు, అంతే.

ఆ ప్రకరణమును తిరిగి వ్రాయుటకు ఎనిమిది నెలలు పట్టినది. రెండు కూర్పులను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివిన పిదప తెలిసినదేమనగా, అసలు పరిశోధనాంశము నేను కప్పిపుచ్చిన చోటనే ఉన్నది. ఆ పండ్రెండేండ్లలో గురజాడ దృష్టి ఎట్లు మాఱినది? సంస్కరణప్రచారమునకై పూనిన నాటకము మనుష్యస్వభావచిత్రణముగా ఎట్లు పెరిగినది? ఒక వేశ్యను నాటకమునకు వివేకముగా నిలుపు ధైర్యము ఆయనకెప్పుడు వచ్చినది? ఈ ప్రశ్నలు నా మొదటి ప్రతిలో పుట్టుటకే అవకాశము లేదు. సంవత్సరము తప్పుగా వేయుటచే రెండు గ్రంథములు ఒకటిగా కలిసిపోయినవి. కూర్పును పేర్కొనుట సూచిని నింపుటకు గాదు, ఆలోచనకు దారి యని నేను నమ్ముట ఈ అనుభవమువలననే.

ప్రాచీనకావ్యముల విషయమున చిక్కు మఱింత దట్టము. అరణ్యపర్వ చతుర్థాశ్వాసమున 142వ పద్యమువఱకు నన్నయ రచనమనియు, ఆపైనుండి ఎఱ్ఱన పూరణమనియు మనము తరగతులలో చెప్పుచున్నాము. ఈ సంఖ్య ఏ ముద్రణము ననుసరించినదో చెప్పు విద్యార్థి అరుదు. ఆంధ్రమహాభారతమునకు వావిళ్ళవారి ముద్రణమున్నది, ఉస్మానియా విశ్వవిద్యాలయపు సంశోధిత ముద్రణమున్నది, తిరుమల తిరుపతి దేవస్థానములవారి సవ్యాఖ్యాన ముద్రణమున్నది. ఒక పద్యమును ప్రక్షిప్తమని ఒక పరిష్కర్త వదలినను, అధోజ్ఞాపికలోనికి దింపినను, ఆ ఆశ్వాసమున ఆపై సంఖ్యలన్నియు జరుగును. కావున పర్వము, ఆశ్వాసము, పద్యసంఖ్య – ఈ మూడే చాలవు. నాలుగవదిగా ముద్రణము కావలెను. పుటసంఖ్య కంటె పద్యసంఖ్యయే మేలు. పుట ప్రతి ముద్రణమునకు మాఱును, పద్యసంఖ్య కొంచెముగా మాఱును. ఆంగ్లనియమావళిని అక్షరాలా పాటింపబోయి, భారతపద్యమునకు పుటసంఖ్య మాత్రమిచ్చి పర్వాశ్వాసములను విడిచిన వ్యాసములను చూచితిని. అవి నియమమునకు ఒదిగినవి, చదువరికి పనికిరానివి.

మఱియొక వింత. కొన్ని వ్యాసములలో ప్రాచీనపద్యములకు ‘భార. విరా. 3 ఆ.’ అన్నంతవఱకే గుర్తుండును, పద్యసంఖ్య యుండదు. ఆ వ్యాసములోనే ఇతర పద్యములకు సంఖ్యలుండును. ఇట్టి తావులు కనబడినప్పుడు నేను శబ్దరత్నాకరమును తెఱతును. బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885 నాటి ఆ నిఘంటువునందు ప్రయోగములకు పలుచోట్ల ఆశ్వాసమువఱకే ఆకరము చూపినారు. నిఘంటుకారునకు అది చాలును. ఆయన సరిగనే చేసినారు. పరిశోధకుడు మాత్రము నిఘంటువునుండి ప్రయోగమును గ్రహించి, విరాటపర్వమును చదివినట్లు చెప్పుచున్నాడు. నిఘంటువునుండి గ్రహించుట నేరము కాదు. ‘శబ్దరత్నాకరమున ఉదాహృతము’ అని నాలుగక్షరములు చేర్చినచో అది సత్యమగును, పరిశోధకునకు గౌరవమునకు లోటు కలుగదు. ద్వితీయాకరమును ద్వితీయాకరమని చెప్పుటకు మన విద్యార్థులు ఏల జంకుదురో నాకు తెలియును. మనమే వారిని "మూలము చూడలేదా?" అని గద్దింతుము. గద్దించుటకు బదులు మూలమును గ్రంథాలయమునకు తెప్పించిన పర్యవేక్షకులు ఎందఱు?

నిఘంటువుల ప్రస్తావన వచ్చినది గనుక బ్రౌనుదొర మాట చెప్పవలెను. ‘బ్రౌణ్య నిఘంటువు ప్రకారము’ అని వ్రాయనివారు లేరు. ఆయన తెలుగు–ఆంగ్లనిఘంటువు 1852 నాటిది. 1903లో వేంకటరత్నముగారు, క్యాంబెల్ దొరగారు, కందుకూరి వీరేశలింగముగారు దానిని సంస్కరించి క్రొత్త కూర్పుగా తెచ్చినారు. షికాగో విశ్వవిద్యాలయమువారు అంతర్జాలమున ఉంచినది ఈ రెండవది. విద్యార్థి దానిలో ఒక మాటను చూచి, పందొమ్మిదవ శతాబ్ది నడిమినాటికి ఆ పదము ఆ అర్థమున వాడుకలో నుండెనని తేల్చుచున్నాడు. ఆ యర్థము బ్రౌనుది కావచ్చును, సంస్కర్తలది కావచ్చును. 1852 నాటి ప్రతిని చూడక ఆ తీర్పు చెప్పుటకు వీలు లేదు. వేమన పద్యముల గతియు ఇంతే. బ్రౌను 1829లో ప్రకటించిన సంపుటికిని, 1839లో పెంచి ప్రకటించిన దానికిని, తరువాత బజారున వెలసిన లెక్కలేనన్ని కూర్పులకును పద్యముల సంఖ్యలోగాని పాఠములోగాని ఏకత్వము లేదు. ‘వేమన’ అని బ్రాకెట్లలో వ్రాసినచో ఆకరము చూపినట్లు కాదు. లోకమును సాక్షిగా పిలిచినట్లగును.

కర్తృనామమున జరుగు పొరపాట్లు విషయమునే చెఱుచును. భాగవతమునుండి ఏ స్కంధములోని పద్యమునెత్తినను ‘పోతన’ యని వేయుట అలవాటైనది. షష్ఠస్కంధము ఏర్చూరి సింగనది, పంచమస్కంధము గంగనది, ఏకాదశ ద్వాదశస్కంధములు వెలిగందల నారయవి. పోతన శైలిని గూర్చి వ్రాయుచు షష్ఠస్కంధమునుండి ఉదాహరణ మిచ్చినవాడు పాదసూచికలో ఒక పేరును తప్పినవాడు మాత్రమే కాడు. వాని సిద్ధాంతమున ఒక స్తంభము ఇసుకపై నున్నది. భాస్కరరామాయణమునకును పలువురు కర్తలు. కాండమునుబట్టి కర్తను వేయుట తప్పదు.

ఇక పేర్ల క్రమము. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర వచ్చును గనుక సూచిలో దానిని ముందునకు తెచ్చి కామా పెట్టుదురు. మనకది ముందే ఉన్నది. ఉన్నదానిని ముందునకు తేబోయి ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అని త్రిప్పి వ్రాసిన సూచులను చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. విశ్వనాథ సత్యనారాయణ అని ఉన్నది ఉన్నట్లు వ్రాసినచో ‘వ’ కారమునందే పడును, కామాతో పనిలేదు. జంటకవులను విడదీయరాదు, తిరుపతి వేంకట కవులు ఒక పేరుగనే ఉండవలెను. ప్రసిద్ధమైన కలముపేరు గలవారిని ఆ పేరుననే చూపి, శ్రీశ్రీకి శ్రీరంగం శ్రీనివాసరావు అని, ఆరుద్రకు భాగవతుల సదాశివశంకరశాస్త్రి అని ఒక్కసారి సూచించిన చాలును.

అకారాదిక్రమమును నేడు కంప్యూటరునకు ఒప్పగించుచున్నారు. కేవలము యూనికోడు సంకేతసంఖ్యల వరుసను పేర్చినచో ‘ళ’ కారము ‘ల’ కారము వెంటనే వచ్చును, ‘ఱ’ కారము ‘ర’ కారము వెంట వచ్చును. మన వర్ణమాలలో అవి హకారము తరువాతివి. అందుచే కావ్యాలంకారచూడామణికి ముందు కాళహస్తీశ్వరశతకము వచ్చి కూర్చుండును. ‘శ్రీ’, ‘శ్రీమత్’ అను గౌరవపదములను లెక్కించినచో సగము ప్రాచీనసాహిత్యము శకారము క్రింద గుమిగూడును. ఏ పద్ధతి నవలంబించినను దోషము లేదు. సూచి మొదట ఒక వాక్యమున ఆ పద్ధతి చెప్పవలెను.

సంక్షేపాక్షరముల గందరగోళము నాకు ప్రత్యేకముగా కష్టము కలిగించును. ‘సం.’ అనగా సంపుటమా, సంచికయా, సంపాదకుడా, సంవత్సరమా? ఒకే పంక్తిలో ఈ నాలుగర్థములలో మూడింటిని వాడిన వ్యాసమును చూచితిని. ‘ఆ.’ అనగా ఆశ్వాసమా, ఆటవెలదియా, ఆదిపర్వమా? ‘భా.’ అనగా భారతమా, భాగవతమా? ఛందోవ్యాసమున ఈ చివరివి ప్రమాదకరములు.

సంవత్సరమును గూర్చి ఒక హెచ్చరిక. పాతపుస్తకముల ముఖపత్రములపై ప్రభవాది నామసంవత్సరము మాత్రముండుట కలదు. ‘విళంబి’ అని యుండినచో అది 1898–99 కావచ్చును, 1958–59 కావచ్చును. కాగితము, టైపు, ముద్రాలయము పేరు, పీఠికలోని ప్రస్తావనలు – వీనిని చూచి తేల్చవలెను. తేల్చిన సంవత్సరమును చదరపు బ్రాకెట్లలో నుంచి అది తన యూహ యని తెలుపవలెను. శాసనములందలి శకసంవత్సరమునకు 78 కలుపుట అందఱెఱుగుదురు; ఉగాదికి ముందు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో పడు తిథులకు 79 కలుపవలెనని మఱతురు.

శాసనముల నుటంకించుటలో మఱియొక పొరపాటు తఱచు కన్పట్టును. శాసనశాఖ వార్షికనివేదికలలో ప్రతి శాసనమునకు ఒక సంఖ్య, గీతకావల ఒక సంవత్సరము ఉండును. ఆ సంవత్సరము శాసనము వేయించిన యేడు కాదు; దానికి నకలు తీసిన యేడు. ఈ భేదము తెలియక పట్టిక వ్రాసిన విద్యార్థికి శాసనములన్నియు ఆంగ్లేయుల కాలమునకు వచ్చి చేరినవి! దక్షిణభారత శాసనసంపుటములను సంపుటసంఖ్య, శాసనసంఖ్యలతో చూపుట మేలు. చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారపు తాళపత్రములకు డి. అనియు, ఆర్. అనియు రెండు వరుసల సంఖ్యలున్నవి. అక్షరమును విడిచి అంకెను మాత్రము వ్రాసినచో తరువాతి పరిశోధకునకు వేఱు గ్రంథము చేతికి వచ్చును. ఒక తాటియాకు ప్రతిని చూడగోరి అంతదూరము పోయిన వానికి ఆ యక్షరలోపము విలువ ఎంతో తెలియును.

పంక్తుల నుదాహరించుటలో మన మందఱము చేయుచున్న అపచారమొకటి కలదు. మూలమున నున్న అరసున్నను, శకటరేఫమును టైపునందు సౌలభ్యముకొఱకు తీసివేయుచున్నాము. భావమును గూర్చి వ్రాయు వ్యాసమున దీనివలన హాని తక్కువ. భాషను గూర్చి, సంధిని గూర్చి, ఛందస్సును గూర్చి వ్రాయుచోట అది సాక్ష్యమును చెఱిపివేయుట. శకటరేఫమునకు సాధురేఫతో యతిప్రాసమైత్రి కలదా లేదా యని చర్చించుచు, ఉదాహరణములలో అన్నిటను సాధురేఫమునే అచ్చొత్తిన ప్రకరణమును నేను చదివితిని. వాదము చక్కగా నున్నది. ఆధారము మాత్రము కంటికి కనబడదు. మూలమున నున్నది ఉన్నట్లు వ్రాయలేనప్పుడు, ‘ఉదాహరణములందు అరసున్నలు విడువబడినవి’ అని పీఠికలో చెప్పుటయైనను కావలెను.

మన శాఖలు విద్యార్థులకిచ్చు సూచనపత్రములు బహుళముగా అమెరికాలోని ఆధునికభాషాసంఘమువారి పుస్తకమునుండి దింపినవి. ఆ పుస్తకమునే తప్పు పట్టుటలేదు. అది వారి గ్రంథములకై వారు వ్రాసికొన్నది. వారే దానిని మార్చికొనుచుందురు. 2016 నాటి ఎనిమిదవ కూర్పున, 1900కు పూర్వపు గ్రంథములు మున్నగు కొన్నింటికి తప్ప ముద్రణస్థలము అక్కఱలేదని తీసివేసినారు. 2021 నాటి తొమ్మిదవ కూర్పును ఆ దారినే నడచినది. వారికి ప్రకాశకుని పేరు చాలును. మన ఇరువదవ శతాబ్ది పూర్వార్ధపు గ్రంథములకు చాలదు. ఒకే శతకమును చెన్నపురిలో నొకరు, రాజమహేంద్రవరమున నొకరు, బెజవాడలో నొకరు పాఠభేదములతో అచ్చువేసినారు. స్థలమును తీసివేసినచో ఏ శతకమో తేలదు. అక్కడ అనవసరమని తీసివేసినది ఇక్కడ ఆయువుపట్టు కావచ్చునన్న వివేకము సూచనపత్రము వ్రాయువారికుండవలెను. తెలుగునకు తగిన యొక నియమావళిని విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలు కలిసి కూర్చుండి ఏర్పఱచుకొనుట అసాధ్యము కాదు. నాలుగు పుటల పని యది. ఇంతవఱకు ఒక్కొక్క పర్యవేక్షకుడు ఒక్కొక్క పద్ధతి. గురువు మాఱినచో విద్యార్థి సూచిని మొదటినుండి తిరుగ వ్రాయవలసినదే.

విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము 2018లో గ్రంథచౌర్యనివారణకు నియమములు చేసినది. పోలిక పది శాతములోపల నున్నచో దోషము లేదు. ఆపైన నలువదివఱకు, అఱువదివఱకు, అంతకు మించి – ఇట్లు మెట్లుమెట్లుగా శిక్షలు. ఆకరము చూపి ఉదాహరించిన భాగమును, గ్రంథసూచిని ఈ లెక్కనుండి తొలగింపవలెనని ఆ నియమములలోనే యున్నది. ఉద్దేశము మంచిదే. కాని తెలుగువ్యాసములపై అది పనిచేయు తీరును అధ్యాపకులు ఒకసారి దగ్గఱనుండి చూడవలెను. యూనికోడుకు పూర్వపు ఫాంట్లతో కూర్చిన వ్యాసము తెరపై తెలుగుగా కనబడినను యంత్రమునకు తెలుగు కాదు. అర్థములేని రోమనక్షరముల గుంపు. అట్టి వ్యాసమునకు సున్న శాతము వచ్చినదని ధ్రువపత్రము జతపఱచినచో, యంత్రము దానిని చదువలేదని మాత్రమే దానికర్థము. యంత్రము పట్టగలిగినచోటనైనను అది పట్టునది పదముల పోలికను. చూడని గ్రంథమును చూచినట్లు చెప్పిన పాదసూచిక దానికి దొరకదు. నేను మొదట చెప్పిన ఆఱువందల సూచికల వ్యాసమునకును నిర్దోషమని ధ్రువపత్రము కలదు.

అంతర్జాలమున ఛాయాప్రతులుగా వేలకొలది తెలుగు పుస్తకములు దొఱకుట మన కాలపు భాగ్యము. మా విద్యార్థిదశలో ఒక పుస్తకమునకై మూడు ఊళ్లు తిరిగితిమి. అయినను ఆ ప్రతులకు పెట్టిన పేర్లలో, సంవత్సరములలో తప్పులు మెండు. పేరు రోమనులిపిలో వికృతమై యుండును. మూడవ ముద్రణము మొదటిదిగా నమోదై యుండును. జాబితాలోని వివరమును వ్రాయక, ప్రతిని తెఱచి ముఖపత్రమును చూచి వ్రాయవలెను. శోధగంగలో నేడు సిద్ధాంతవ్యాసములు అందఱికిని అందుబాటులో నున్నవి. పూర్వము వ్యాసము గ్రంథాలయపు బీరువాలో నిదురించెడిది. తప్పును చూచువారు ముగ్గురు పరీక్షకులు మాత్రమే. ఇప్పుడు ఒకని తప్పుసూచికను పదుగురు నమ్మి ఎత్తి వ్రాయుచున్నారు. ఒక కావ్యముద్రణమునకు వేసిన తప్పుసంవత్సరము మూడు విశ్వవిద్యాలయముల వ్యాసములలో వరుసగా కనబడినది. నాలుగవ విద్యార్థి "ముగ్గురు చెప్పినారు గదా" అని నాతో వాదించినాడు. ముగ్గురు కాదు, ఒక్కడే చెప్పినాడని ఆతనిని ఒప్పించుటకు ఒక దినము పట్టినది.

పరీక్షకులుగా మనము చేయగలిగినది కొంత కలదు. ప్రతి వ్యాసమునను పది సూచికలను ఏఱి మూలముతో సరిచూచి, ఫలితమును నివేదికలో వ్రాయుట అందులో నొకటి. నేను కొన్నేండ్లుగా అట్లు చేయుచున్నాను. ఆలస్యమగుచున్నదని కార్యాలయములనుండి జ్ఞాపికలు వచ్చుచుండును, రానిండు. పైన పేర్కొన్న వ్యాసమును నేను తిరస్కరింపలేదు. సూచికలన్నియు మూలముతో సరిచూచి మరల సమర్పింపవలెనని వ్రాసి పంపితిని. పదునొకండు నెలలకు అది తిరిగి వచ్చినది. ఆఱువందల సూచికలు నన్నూట పదియైనవి, మున్నూరు గ్రంథములు నూట నలువదియైనవి. రెండు ప్రకరణముల నిర్ణయములు మాఱినవి. వ్యాసము చిన్నదై, మంచిదైనది.

గడచిన సంవత్సరము మా శాఖలోని యొక పరిశోధకురాలు ఒక యక్షగానపు అచ్చుప్రతిని తెచ్చినది. ముఖపత్రము లేదు; మొదటి ఎనిమిది పుటలు లేవు; చివర కొంత చినిగినది. "దీనిని సూచిలో ఎట్లు వ్రాయవలెనండీ?" అని అడిగినది. ఆమెకు తెలిసిన పూర్వవ్యాసములలో ఇట్టి ప్రతులకు ఏదో యొక సంవత్సరము, ఏదో యొక ఊరు వేసియున్నారు. మేమిద్దఱము కూర్చుండి పుటల కొలతను, పంక్తుల సంఖ్యను, అక్షరముల వాటమును, మిగిలిన పుటల మొదటి మాటను, చివరి మాటను వ్రాసితిమి. ఆ ప్రతి ఎవరి యింటినుండి వచ్చినదో ఆ ఊరి పేరును చేర్చితిమి. పాదసూచికలో ఆమె ‘ముఖపత్రము లేని ప్రతి, 9వ పుటనుండి లభ్యము, ముద్రణకాలము తెలియదు’ అని వ్రాసినది. ఆ ప్రతి ఏ ముద్రాలయమునకు చెందినదో నేటికిని తేలలేదు. సూచిలో అది అట్లే ఉన్నది.